‘ఎక్స్-’ అనే లాటిన్ ఉపసర్గ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎక్స్‌ప్రెస్ రైలు, ఎగ్జిట్ పోల్, ఎక్స్‌గ్రేషియా, ఎక్స్‌షోరూమ్ ధర. తెలుగు దినపత్రిక ఏది తిరగేసినా ఈ చిన్న ముక్క ఎక్కడో ఒకచోట కనబడుతూనే ఉంటుంది. ఐరోపా భాష ఏదైనా నేర్చుకుంటున్నవారికి ఇంకా ఎక్కువగా ఎదురవుతుంది, కానీ చాలాసార్లు గుర్తుపట్టలేని రూపంలో. ఫ్రెంచిలో ఒక్క అచ్చుగా, ఇటాలియన్‌లో ఒక్క హల్లుగా, స్పానిష్‌లో ‘ఎన్-’గా మారిన ఈ ఉపసర్గ గురించి భాషలు నేర్చుకునేవారు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. లాటిన్ మాటలను ప్రాచీన ఉచ్చారణకూ, మిగతా మాటలను ఆయా భాషల వాడుకకూ వీలైనంత దగ్గరగా తెలుగు లిపిలో ఇచ్చాను.

‘ఎక్స్’కు అసలు అర్థం ఏమిటి?

‘లోపలి నుంచి బయటికి’ అని. లాటిన్‌లో ఇది విడిమాటగానూ ఉండేది, క్రియకు ముందు అతుక్కునే ఉపసర్గగానూ ఉండేది. విడిమాటగా వాడిన పదబంధాలు కొన్ని ఇప్పటికీ మన వార్తల్లో బతికున్నాయి. ప్రమాద బాధితులకు ప్రభుత్వం ప్రకటించే ఎక్స్‌గ్రేషియా అంటే ‘దయ నుంచి’ ఇచ్చేది, చట్టం ప్రకారం బాకీ పడి ఇచ్చేది కాదు. పురపాలక సంఘాల ఛైర్మన్ ఎన్నికప్పుడు ఎమ్మెల్యేలు, ఎంపీలు ఎక్స్ అఫీషియో సభ్యులుగా ఓటు వేస్తారు. అంటే ‘పదవి నుంచి’ వచ్చిన సభ్యత్వం, వార్డులో గెలిచి తెచ్చుకున్నది కాదు.

ఉపసర్గగా మారాక అర్థం నాలుగైదు దారులు పట్టింది. బయటికి అన్నది మొదటిది. ‘పైకి’ అన్నది రెండోది: ఎలివేట్ అంటే పైకెత్తడం. పని ‘పూర్తిగా’ జరగడం మూడోది: ఎఫెక్ట్ అంటే చివరిదాకా చేసి తేల్చినది. ‘లేకుండా’ అన్నది నాలుగోది: లాటిన్‌లో ‘ఎక్సాంగ్విస్’ అంటే రక్తం లేనివాడు, ‘ఎక్సానిమిస్’ అంటే నిర్జీవుడు. ‘మాజీ’ అన్న అర్థం అన్నిటికంటే తర్వాత వచ్చింది, దాని సంగతి కింద చెబుతాను.

లాటిన్‌లోనే ఇది ఒకసారి ‘ఎక్స్-’, ఒకసారి ‘ఏ-’, ఒకసారి ‘ఎఫ్-’ ఎందుకు అవుతుంది?

సంధి వల్ల. అచ్చుల ముందు, హకారం ముందు, క, ప, త, స ధ్వనుల ముందు ‘ఎక్స్-’ చెక్కుచెదరకుండా ఉంటుంది. బ, ద, గ, ల, మ, న, ర, వ ధ్వనుల ముందు ‘క్స్’ రాలిపోయి, ఆ లోటు పూడ్చడానికి అచ్చు దీర్ఘమై ‘ఏ-’ అవుతుంది. ఫకారం ముందు దానిలో కలిసిపోయి ‘ఎఫ్-’ అవుతుంది.

తెలుగువారికి ఇది కొత్త విషయం కానక్కర్లేదు. సంస్కృతం నుంచి మనకు వచ్చిన ‘నిస్’ ఉపసర్గను చూడండి. నిశ్శబ్దంలో శకారంలో కలిసిపోయింది, నిష్ఫలంలో షకారమైంది, నిరాశలోనూ నిర్భయంలోనూ రేఫ అయింది. నీరసంలోనైతే హల్లు రాలిపోయి అచ్చు దీర్ఘమైంది. ‘నిస్’ నుంచి ‘నీ’ వచ్చినట్టే ‘ఎక్స్’ నుంచి ‘ఏ’ వచ్చింది. రెండు భాషలూ ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకోలేదు. నోటికి కష్టమైన చోట రెండూ ఒకే ఉపాయం కనిపెట్టాయి. ‘లేకుండా’ అన్న అర్థంలో కూడా రెండూ కలుస్తాయి కాబట్టి, లాటిన్ చదివే తెలుగు విద్యార్థికి ఇంతకంటే మంచి ఆసరా లేదని నా నమ్మకం.

మూడు రూపాలనూ ఒకేచోట చూడాలంటే ‘ఫెర్రే’ అనే క్రియ పట్టుకోవాలి. మోయడం అని అర్థం. దానికి మన ఉపసర్గ చేరితే ‘బయటికి మోసుకెళ్ళడం’. వర్తమానంలో ‘ఎఫ్ఫెరో’, భూతకాలంలో ‘ఎక్స్‌తులీ’, ‘మోసుకెళ్ళబడిన’ అనే విశేషణ రూపంలో ‘ఏలాతుస్’. ఈ క్రియ ధాతువు కాలాన్ని బట్టి పూర్తిగా మారిపోతుంది. ఆ మార్పును బట్టి ఉపసర్గ కూడా ఎఫ్-, ఎక్స్-, ఏ- అని మూడు రూపాలూ చూపిస్తుంది. రోమన్లు శవాన్ని ఇంటి నుంచి తీసుకెళ్ళడానికి ఈ మాటే వాడేవారు. ‘పైకి’ అన్న అర్థం పట్టుకున్న ఏలాతుస్ నుంచి ఇంగ్లీషులో ఆనందంతో ఉప్పొంగిపోవడం అనే అర్థంలో ‘ఎలేటెడ్’ వచ్చింది.

దీనికి సంస్కృతంలో బంధువు ఉందా? లాటిన్, సంస్కృతం ఒకే కుటుంబం కదా?

కుటుంబం ఒకటే, కానీ ఈ ఉపసర్గకు సంస్కృతంలో నేరుగా బంధువు నిలవలేదు. గ్రీకులో ఉంది: అచ్చు ముందు ‘ఎక్స్’, హల్లు ముందు ‘ఎక్’. లిథువేనియన్‌లో ‘ఇష్’, రష్యన్‌లో ‘ఇజ్’, ఐరిష్‌లో ‘అస్’ దీని తోబుట్టువులేనని భాషాశాస్త్రజ్ఞులు లెక్కిస్తారు. అన్నిటికీ అర్థం ‘నుంచి’, ‘లోనుంచి’ అనే.

ఇంగ్లీషు ‘అవుట్’, జర్మన్ ‘ఔస్’ మాత్రం వేరే మూలానివి. వాటి బంధువు మన దగ్గరే ఉంది. ఉన్నతి, ఉద్భవం, ఉల్లేఖనం మాటల్లోని ‘ఉత్’ అదే.

అయితే ఎక్సోడస్, ఎక్లిప్స్ మాటలు లాటినా, గ్రీకా?

గ్రీకు. ఎక్సోడస్‌లో రెండో భాగం ‘హొదోస్’, దారి. ఎక్లిప్స్, ఎక్‌స్టసీ, ఎగ్జిమా కూడా అక్కడివే. చర్మవ్యాధి పేరైన ఎగ్జిమాకు గ్రీకులో అర్థం ‘పొంగి బయటపడేది’. ఇంగ్లీషు రాతలో గ్రీకు ‘ఎక్స్-’, లాటిన్ ‘ఎక్స్-’ ఒకేలా ఉంటాయి కాబట్టి రెండో భాగం ఏ భాషదో చూసి తేల్చుకోవాలి. హల్లు ముందు ‘ఎక్-’ కనబడితే మాత్రం సందేహం అక్కర్లేదు, అది గ్రీకే.

ఫ్రెంచిలో ఇది ఎక్కడ పోయింది? అక్కడ ‘ఎక్స్’తో మొదలయ్యే మాటలు ఉన్నాయి కదా?

ఉన్నాయి, కానీ వాటిలో చాలావరకు తర్వాత పుస్తకాల నుంచి తెచ్చుకున్నవి. జనం నోట తరతరాలుగా నలిగిన మాటల్లో ‘ఎక్స్-’ ముందు ‘ఎస్-’ అయింది. తర్వాత మధ్యయుగంలో హల్లు ముందున్న ఆ సకారం కూడా ఉచ్చారణలోంచి జారిపోయింది. అయినా రాతలో చాలాకాలం అలాగే ఉండేది. 1740లో ఫ్రెంచి అకాడమీ తన నిఘంటువు మూడో ముద్రణలో పలకని సకారాలను వేలాది మాటల్లోంచి తీసేసి, చాలాచోట్ల అచ్చు మీద గీత పెట్టింది. ఈనాడు ‘ఎషపే’ (తప్పించుకోవడం), ‘ఎషాఁజే’ (మార్పిడి చేసుకోవడం), ‘ఎవేయే’ (మేల్కొల్పడం) మాటల మొదట్లో గీతతో నిలబడ్డ ఆ ఒక్క ‘ఎ’ పాత ‘ఎక్స్-’లో మిగిలిన భాగం.

ఒక హెచ్చరిక. ఇంటర్మీడియట్‌లో రెండో భాషగా ఫ్రెంచి తీసుకున్న పిల్లలు ఈ సూత్రం వినగానే ప్రతి ‘ఎ’నీ ‘ఎక్స్’గా చదవడం మొదలుపెడతారు. అది సరికాదు. ‘ఎకోల్’ (బడి), ‘ఎత్వాల్’ (నక్షత్రం), ‘ఎపే’ (కత్తి) మాటలకు లాటిన్‌లో ఉపసర్గే లేదు. అవి స్కోలా, స్తెల్లా, స్పాతా. సకారంతో మొదలయ్యే సంయుక్తాక్షరం పలకలేక ముందు ఒక అచ్చు చేర్చుకున్నారు. స్కూలును ఇస్కూలు అనే మన పల్లెవాడుక దీనికి అచ్చమైన తోడు. ఆ తర్వాత సకారం పోయి, అరువు తెచ్చుకున్న అచ్చు మాత్రం మిగిలింది.

ఒకే లాటిన్ మాట ఒకే భాషలోకి రెండుసార్లు రావడం నిజమేనా?

నిజమే. ఈ ఉపసర్గ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది. ‘ఎక్సామెన్’ అనే మాటను తీసుకోండి. ‘ఎక్స్’ + ‘అగెరె’ (తోలడం, నడపడం) కలిసి ‘ఎక్సిగెరె’ అనే క్రియ. బయటికి తోలడం అనీ, తూచి చూడడం అనీ దానికి రెండు అర్థాలు. దాని నుంచి పుట్టిన ఎక్సామెన్‌కు కూడా రెండు అర్థాలు: పట్టు నుంచి బయటికి లేచిన తేనెటీగల గుంపు, త్రాసు మధ్యలోని ముల్లు. త్రాసు ముల్లు నుంచి తూచి చూడడం, అక్కడి నుంచి పరీక్ష.

తేనెటీగల గుంపు అన్న అర్థం పల్లెల్లో రైతుల నోళ్ళలో నిలిచింది. ఫ్రెంచిలో ‘ఎసేఁ’, ఇటాలియన్‌లో ‘షామె’, స్పానిష్‌లో ‘ఎన్‌హాంబ్రె’, పోర్చుగీసులో ‘ఎన్‌షామి’ అయింది. నాలుగింటినీ పక్కపక్కన పెడితే ఒక తల్లి బిడ్డలని ఎవరూ పోల్చుకోలేరు. పరీక్ష అన్న అర్థాన్ని చదువుకున్నవారు లాటిన్ గ్రంథాల నుంచి మళ్ళీ తీసుకున్నారు. అందుకే అది దాదాపు మూలరూపంలోనే ఉంది: ఫ్రెంచిలో ‘ఎగ్జమేఁ’, ఇటాలియన్‌లో ‘ఎజామె’, స్పానిష్‌లో ‘ఎక్సామెన్’, పోర్చుగీసులో ‘ఎజామి’.

ఇక్కడే ఈ ఉపసర్గను చదివే కీలకం దొరుకుతుంది. అరిగిన రూపం కనబడితే ఆ మాట సాధారణంగా నోటి నుంచి నోటికి వచ్చింది. నిండు రూపం కనబడితే పుస్తకం నుంచి వచ్చింది. రూపం చూసి మాట వచ్చిన దారి చెప్పవచ్చు.

అదే ఎక్సిగెరె నుంచి వచ్చిన మరో మాట ‘ఎక్సాగియుమ్’, అంటే తూకం. ఫ్రెంచి ‘ఎసే’, ఇటాలియన్ ‘సాద్జో’, స్పానిష్ ‘ఎన్సాయో’ దీని సంతానం. ఇంగ్లీషు ఈ ఫ్రెంచి మాటను రెండు రకాలుగా తీసుకుంది. వ్యాసం అనే అర్థంలో ‘ఎస్సే’, లోహం నాణ్యత పరీక్షించడం అనే అర్థంలో ‘అస్సే’. మన ఊళ్ళలో బంగారు నగలకు హాల్‌మార్క్ వేసే కేంద్రాల బోర్డు మీద ‘అస్సేయింగ్’ అని ఉండేది ఈ రెండోదే. పిల్లవాడు రాసే ఎగ్జామ్, అందులోని ఎస్సే ప్రశ్న, తల్లి మెడలోని గొలుసుకు చేసిన అస్సే, మూడూ ఒకే క్రియ పిల్లలు.

ఇటాలియన్‌లో మాటకు ముందు ఒట్టి ‘స్’ చేరిస్తే అర్థం ఎందుకు మారుతుంది?

అక్కడ మొదటి అచ్చు కూడా రాలిపోయి సకారం ఒక్కటే మిగిలింది కాబట్టి. ‘స్పెందెరె’ (ఖర్చుపెట్టడం) లాటిన్ ‘ఎక్స్‌పెందెరె’. ‘స్కాల్దారె’ (వేడిచేయడం) లాటిన్ ‘ఎక్స్‌కల్దారె’. బ, గ, ద, వ లాంటి నాదధ్వనుల (గొంతు కంపిస్తూ పలికే ధ్వనుల) ముందు ఈ సకారాన్ని నాదంతో పలుకుతారు కాబట్టి ‘స్వెల్లియారె’ (మేల్కొల్పడం) మాట మొదలు ‘జ్వ’లాగా వినిపిస్తుంది.

పైగా ‘దిస్-’ అనే మరో లాటిన్ ఉపసర్గ కూడా ఇటాలియన్‌లో చాలాచోట్ల ఇలాగే కుదించుకుపోయింది. రెండూ ఒకే సకారంలో కలిసిపోయాక దానికి కొత్త బలం వచ్చింది. ఇప్పుడు అది సజీవమైన ఉపసర్గ. ‘ఫోర్తూనా’ అదృష్టం, ‘స్ఫోర్తూనా’ దురదృష్టం. ‘కారికో’ బరువెక్కినది, ‘స్కారికో’ బరువు దించినది. ఫోను బ్యాటరీ అయిపోతే ఇటలీలో ‘స్కారికో’ అనే అంటారు.

ఇటలీలో కాఫీ దుకాణానికి వెళ్ళినవారు ఒక చిన్న పని చేయవచ్చు. ధరల పట్టికలో ‘ఎస్ప్రెస్సో’ ఉంటుంది, ‘స్ప్రెమూతా’ కూడా ఉంటుంది. మొదటిది యంత్రపు ఒత్తిడితో దించిన కాఫీ. రెండోది అప్పటికప్పుడు పిండిన పండ్లరసం, ఎక్కువగా నారింజ. రెండింటికీ తల్లి లాటిన్ ‘ఎక్స్‌ప్రిమెరె’, నొక్కి బయటికి తీయడం. పండు పిండే పని ఇంట్లో రోజూ ఉండేది కాబట్టి ఆ మాట అరిగి ‘స్ప్రెమెరె’ అయింది. మనసులోని భావాన్ని బయటికి తీయడం చదువుకున్నవారి వ్యవహారం కాబట్టి ‘ఎస్ప్రిమెరె’గా నిండుగా ఉంది. ఎస్ప్రెస్సో ఆ రెండోదాని రూపం.

మన ఎక్స్‌ప్రెస్ రైలుకూ కాఫీకీ ఇదేనా సంబంధం?

ఇదే. నొక్కి చెప్పినది అంటే స్పష్టంగా చెప్పినది. ఒక పని కోసమే ప్రత్యేకంగా పంపిన మనిషి, ఆ తర్వాత ప్రత్యేకంగా నడిపిన రైలు. ప్రత్యేక రైలు దారిలో ఆగే చోట్లు తక్కువ కాబట్టి వేగం అన్న అర్థం చివరికి వచ్చి స్థిరపడింది.

స్పానిష్‌లో ‘ఎన్-’ ఎక్కడి నుంచి వచ్చింది? అది ‘లోపలికి’ అనే అర్థం కదా?

అవును, మామూలుగా స్పానిష్ ‘ఎన్-’ లాటిన్ ‘ఇన్-’ నుంచి వచ్చింది, అర్థం ‘లోపలికి’. దానితో మొదలయ్యే మాటలు లెక్కలేనన్ని. అరిగిపోయిన ‘ఎక్స్-’ను విన్న చెవికి అది ఆ పరిచయమైన ‘ఎన్-’లాగా తోచి, మధ్యలో నకారం చేరిపోయింది. అలా ‘బయటికి’ అనే ఉపసర్గ ‘లోపలికి’ అనే ఉపసర్గ రూపం తొడుక్కుంది. ఎన్‌హాంబ్రె, ఎన్సాయో అలాగే పుట్టాయి. చెమటో కన్నీళ్ళో తుడవడానికి చెప్పే ‘ఎన్‌హుగార్’ కూడా అలాంటిదే. దాని మూలం ‘ఎక్సూకారె’, రసాన్ని తీసేయడం.

బార్సిలోనా నగరంలో దీన్ని ఒక పేట పేరులోనే చూడవచ్చు. 1859లో ఇల్దెఫొన్స్ సెర్దా అనే ఇంజినీరు గీసిన ప్రణాళిక ప్రకారం పాత కోటగోడల బయట కొత్త పేటలు కట్టారు. చదరంగపు గళ్ళలాంటి వీధులు, ప్రతి కూడలిలో మూలలు కోసేసిన భవనాలు. ఆ ప్రాంతాన్ని కటలాన్ భాషలో ‘అషాంప్లా’ అంటారు, స్పానిష్‌లో ‘ఎన్సాంచె’ అంటారు. రెండింటికీ అర్థం విస్తరణ. రెండూ ‘ఎక్స్’ + ‘అంప్లుస్’ (విశాలం) కలిసిన ఒకే లాటిన్ మాట నుంచి వచ్చాయి. కటలాన్‌లో ‘ఎక్స్-’ షకారమైంది, స్పానిష్‌లో ‘ఎన్స్-’ అయింది. ఒకే పేటకు ఒకే మూలం నుంచి వచ్చిన రెండు పేర్లు, వినడానికి ఏ పోలికా లేదు.

స్పానిష్‌లో మరో పొర కూడా ఉంది. ‘ఎహెంప్లో’ అంటే ఉదాహరణ. పాత స్పానిష్‌లో ఎక్స్ అక్షరాన్ని షకారంగా పలికేవారు. పదహారు, పదిహేడు శతాబ్దాల్లో ఆ ధ్వని గొంతులోకి జారి, గరగరలాడే హకారమైంది. 1815లో స్పానిష్ అకాడమీ ఆ ధ్వనికి జె అక్షరం రాయాలని నిర్ణయించింది. అందుకే ‘ఎహెంప్లో’, ‘ఎహేర్సితో’ (సైన్యం) మాటల్లో ఎక్స్ అక్షరం ఇప్పుడు కనిపించదు. ఎన్‌హాంబ్రె, ఎహెంప్లో, ఎక్సామెన్ మూడింటినీ వరసగా రాసి చూస్తే అరిగినది, సగం అరిగినది, నిండుగా ఉన్నది అని మూడు పొరలూ కళ్ళకు కడతాయి.

పోర్చుగీసులో ఎక్స్ అక్షరాన్ని ఎలా పలకాలి?

నాలుగు రకాలుగా, మాటను బట్టి. పానకం లాంటి మందు ‘షరోపి’లో ష, పరీక్ష ‘ఎజామి’లో జ, దగ్గరిది అనే ‘ప్రాసిము’లో స, ‘టాక్సి’లో క్స. మన ఉపసర్గ తర్వాత అచ్చు వస్తే జకారం అని గుర్తుంచుకుంటే చాలా మాటలు సరిపోతాయి.

రుమేనియన్ సంగతి?

ఇటాలియన్ దారిలోనే నడిచింది. ‘జ్బురా’ (ఎగరడం) వెనక ‘ఎక్స్’ + ‘వోలారె’ ఉంది, ‘స్త్వార్చె’ (బట్టలు పిండడం) వెనక ‘ఎక్స్‌తోర్‌క్వెరె’. తప్పించుకోవడం అనే మాటనైతే రుమేనియా నుంచి ఇంగ్లండ్ దాకా వరసగా చదవవచ్చు: రుమేనియన్ ‘స్కపా’, ఇటాలియన్ ‘స్కప్పారె’, స్పానిష్ ‘ఎస్కపార్’, ఫ్రెంచి ‘ఎషపే’, ఇంగ్లీషు ‘ఎస్కేప్’. ‘కప్పా’ అంటే పైన కప్పుకునే వస్త్రం. పట్టుకోబోయినవాడి చేతిలో పైవస్త్రం వదిలేసి పారిపోవడం అని నిఘంటువులు వివరిస్తాయి.

ఇంగ్లీషులో ఎన్ని రూపాలు ఉన్నాయి?

అన్నిటికంటే ఎక్కువ, ఎందుకంటే ఇంగ్లీషు లాటిన్ నుంచీ ఫ్రెంచి నుంచీ వేర్వేరు కాలాల్లో అరువు తెచ్చుకుంది. ఎక్స్‌పోర్ట్, ఎమిట్, ఎఫర్ట్ లాంటివి సులువుగానే దొరుకుతాయి. దాక్కున్నవాటిని వెతకడంలోనే ఆనందం ఉంది.

‘శాంపిల్’ అంటే ‘ఎగ్జాంపుల్’ తల తెగిన రూపం. ‘స్పెండ్’, ‘ఎక్స్‌పెండ్’ ఒకే మాట. ‘స్క్వేర్’ ముందున్న సకారం ‘ఎక్స్-’ నుంచి మిగిలినదే, తక్కినది నాలుగు అన్న సంఖ్య. దాని ఫ్రెంచి తోబుట్టువు ‘ఎకేర్’, అంటే మూలమట్టం. వేడినీళ్ళు పడి కాలడానికి చెప్పే ‘స్కాల్డ్’ పైన చెప్పిన స్కాల్దారెకు చెల్లెలు. ‘ఇష్యూ’ వెనక బయటికి వెళ్ళడం అనే ‘ఎక్సీరె’ ఉంది. రాజ్యాంగ సవరణ అన్నప్పుడు వాడే ‘అమెండ్’లో ‘ఏ-’ కాస్తా అకారమైంది. ‘మెందా’ అంటే తప్పు, దాన్ని తీసేయడం అమెండ్.

వీటిలో ‘అఫ్రెయిడ్’ అన్నిటికంటే విచిత్రమైనది. ఇందులో ఉపసర్గ లాటిన్, ప్రధానమైన మాట జర్మనిక్, అంటే జర్మన్, ఇంగ్లీషు లాంటి భాషల శాఖకు చెందినది. ఫ్రాన్సును ఏలిన ఫ్రాంకుల భాషలో ‘ఫ్రిదు’ అంటే శాంతి. నేటి జర్మన్‌లో అదే ‘ఫ్రీడె’. దానికి లాటిన్ ఉపసర్గ చేర్చి, శాంతిలోంచి బయటికి లాగడం అనే క్రియ తయారుచేశారు. ఫ్రెంచిలో అది భయపెట్టడం అనే ‘ఎఫ్రెయే’ అయింది. ఇంగ్లీషులోకి వచ్చేసరికి ముందు అకారం మిగిలి, భయపడినవాడు అనే అర్థంలో అఫ్రెయిడ్ అయింది.

రూపం చెడకపోయినా చిత్రం మరుగునపడ్డ మాటలూ ఉన్నాయి. ‘ఎలిమినేట్’ అంటే గడప దాటించి గెంటేయడం, ‘లీమెన్’ గడప. ‘ఎక్స్‌ప్లోడ్’ అంటే మొదట పేలడం కాదు. నచ్చని నటుణ్ణి చప్పట్లు చరిచి రంగస్థలం మీద నుంచి తరిమేయడం. ‘ఎనార్మస్’ అంటే వడ్రంగి మూలమట్టానికి లొంగనిది.

జర్మన్‌లో ఈ ఉపసర్గ పెద్దగా కనబడదేం?

జర్మన్ భాష చాలాచోట్ల మాటను అరువు తెచ్చుకోకుండా దాని నిర్మాణాన్ని తెచ్చుకుంది. లాటిన్ ‘ఎక్స్’ ఉన్న చోట తన ‘ఔస్’ పెట్టుకుంది. నొక్కి బయటికి తీయడం ‘ఔస్‌డ్రుక్’, అంటే వ్యక్తీకరణ. బయటికి తీసినది ‘ఔస్‌నామె’, అంటే మినహాయింపు. రష్యన్ కూడా ఇలాగే చేసింది. మినహాయింపు అనే ‘ఇస్‌క్ల్యుచేనియె’లో ‘ఇజ్’ ఉపసర్గ, ‘క్ల్యుచ్’ అంటే తాళంచెవి. కకారం ముందు ‘ఇజ్’ కాస్తా ‘ఇస్’ అయింది, మళ్ళీ సంధి.

అరిగిపోయిన లాటిన్ మాటలు జర్మన్‌లోనూ లేకపోలేదు. మధ్యయుగ లాటిన్‌లో ఖర్చు అనే ‘ఎక్స్‌పెన్సా’ తల ఊడి ‘స్పేసా’ అయి, జర్మన్ నోట ‘ష్పైజె’ అయింది. అర్థం భోజనం. జర్మన్ రైల్లో భోజనపు పెట్టె మీద ‘ష్పైజెవాగెన్’ అని ఉంటే, అందులో ఎక్స్‌పెన్స్ అనే మాట దాగి ఉన్నట్టే. విరాళం అనే ‘ష్పెండె’ కూడా ఆ కుదురుదే.

ఎగ్జామ్, ఎక్సర్‌సైజు: తెలుగులో ఒకచోట ‘గ్జ’, ఒకచోట ‘క్స’ ఎందుకు రాస్తాం?

మన చెవి ఇంగ్లీషును బాగానే విన్నది కాబట్టి. ఇంగ్లీషులో ఈ ఉపసర్గ తర్వాతి అచ్చు మీద ఊనిక పడితే, అంటే దాన్ని నొక్కి పలికితే, సాధారణంగా ‘గ్జ’ పలుకుతారు, ఊనిక ఉపసర్గ మీదే ఉంటే ‘క్స’. అందుకే ఎగ్జామ్, ఎగ్జిక్యూటివ్, కానీ ఎక్సర్‌సైజు. ఎగ్జిట్‌ను ఇంగ్లీషువాళ్ళే రెండు రకాలుగా పలుకుతారు, కాబట్టి మన బ్రెగ్జిట్ కూడా తప్పు కాదు. ఒక్క ‘ఎగ్జిబిషన్’ విషయంలో దారి వేరైంది. ఇంగ్లీషులో అది ‘ఎక్సిబిషన్’, క్రియారూపం మాత్రమే ‘ఎగ్జిబిట్’. అయినా హైదరాబాదులో ఏటా జనవరిలో నాంపల్లి ఎగ్జిబిషన్‌కు వెళ్ళేవారు తమ ఉచ్చారణ మార్చుకోనక్కర్లేదు. మాట మన భాషలో స్థిరపడ్డాక మన పలుకుబడే దానికి ప్రమాణం.

‘ఎక్స్’తో మొదలయ్యే ఇంగ్లీషు మాటలన్నీ ఈ ఉపసర్గ ఉన్నవేనా?

కావు. మోసపుచ్చే రెండు మాటలు ఖజానా చుట్టూనే తిరుగుతాయి. మద్యం దుకాణాల వార్తల్లో వచ్చే ఎక్సైజ్ శాఖ పేరు చూడండి. అది డచ్ భాష ద్వారా వచ్చిన పన్ను పేరు. పాత రూపం ‘అక్సైస్’ లాంటిది, జర్మన్‌లో ‘అక్‌చీజె’. దాని వెనక ఉన్న ఉపసర్గ ‘అద్-’ అని, అంటే ‘వైపు’ అని నిఘంటువుల మాట. కోసి తీసుకోవడం అనే లాటిన్ మాటతో కలగాపులగమై ‘ఎక్స్’ చేరింది. ప్రజల ఆదాయంలోంచి కోసుకునేది పన్ను అని జనానికి తోచడంలో ఆశ్చర్యం ఏముంది?

రెండోది ఖజానా అనే అర్థంలోని ‘ఎక్స్‌చెకర్’. ఇది చదరంగపు పలక. మధ్యయుగ ఇంగ్లండ్‌లో రాజుగారి లెక్కలు గళ్ళ గుడ్డ పరిచిన బల్ల మీద బిళ్ళలు పేర్చి చూసేవారు. ఆ బల్ల పేరే శాఖ పేరైంది. పాత ఫ్రెంచిలో ‘ఎస్చెకియేర్’. ఆ ‘ఎస్-’ ఎకోల్‌లోలాగా పలకడానికి చేర్చుకున్న అచ్చు మాత్రమే. చదువుకున్నవారు అది ‘ఎక్స్-’ అనుకుని దిద్దారు. చదరంగం పేరు పర్షియన్ ‘షా’, అంటే రాజు, నుంచి వచ్చింది కాబట్టి ఈ మాటకు లాటిన్ ఉపసర్గతో ఏ చుట్టరికమూ లేదు.

‘మాజీ’ అనే అర్థం ఎప్పుడు వచ్చింది? ‘ఎక్స్’ తర్వాత గీత (హైఫన్) పెట్టాలా, వద్దా?

రోమన్ సామ్రాజ్యపు చివరి శతాబ్దాల్లో పదవి దిగిపోయిన పెద్దలను ‘ఎక్స్ కోన్సులె’ అనేవారు, కాన్సుల్ పదవి నుంచి వచ్చినవాడు అని. రెండు మాటలూ క్రమంగా ఒకటై ‘ఎక్స్‌కోన్సుల్’ అయింది. ఆ అలవాటే ఆధునిక భాషలన్నిటిలోకీ వచ్చింది. తెలుగులో ఆ చోట అరబీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన ‘మాజీ’ స్థిరపడింది కాబట్టి మనకు ఎక్స్ అవసరం అంతగా పడలేదు.

రాతలో భాషకో పద్ధతి ఉంది. ఫ్రెంచి, పోర్చుగీసు మధ్యలో గీత పెడతాయి. ఇటాలియన్‌లో ఎక్కువగా విడిగా రాస్తారు. జర్మన్ కలిపి రాయడాన్నీ గీతనూ రెండింటినీ ఒప్పుకుంటుంది. స్పానిష్ అకాడమీ 2010 నాటి వర్ణక్రమ గ్రంథంలో కలిపి రాయమంది. అయితే ప్రధాన మంత్రి లాంటి రెండు మాటల పదవి ముందు వస్తే విడిగా ఉంచాలి. పాత స్పానిష్ పుస్తకాల్లో వేరుగా కనిపిస్తే అది అచ్చుతప్పు కాదు, అప్పటి నియమం.

నిఘంటువుల్లో మూలరూపం ముందు నక్షత్రపు గుర్తు ఎందుకు ఉంటుంది?

ఆ రూపం ఏ రాతలోనూ దొరకలేదని, వారసభాషల్ని పోల్చి ఊహించి కట్టినదని చెప్పడానికి. ఎస్కేప్ వెనకున్న ‘ఎక్స్‌కప్పారె’, అఫ్రెయిడ్ వెనకున్న ‘ఎక్స్‌ఫ్రిదారె’ అలాంటివే. చదువుకున్నవారు రాసే లాటిన్‌లోకి ఎక్కకుండా బజార్లో, పొలంలో, సైన్యపు విడిదిలో మాత్రమే తిరిగిన మాటలివి. ఇటాలియన్ స్పవెంతారె, ఫ్రెంచి ఎపువాఁతే, స్పానిష్ ఎస్పాంతార్ మూడూ భయపెట్టడం అనే అర్థంలో ఉండి, ధ్వని మార్పుల లెక్క ప్రకారం వెనక్కి వెళ్తే మూడూ ‘ఎక్స్‌పవెంతారె’ దగ్గర కలుస్తాయి. ఇన్ని వేరువేరు చోట్ల నుంచి వచ్చిన సాక్ష్యం ఒక్క చోట కలిసినప్పుడు, రాతలో దొరకకపోయినా ఆ మాట ఒకప్పుడు ఉండేదని పండితులు ధైర్యంగా చెబుతారు.